సూది మావయ్య సైగల బడి

రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లు సూది పట్టిన మనిషికి సొంత పేరు మిగలదు. మొదట చిన్నపిల్లలు ‘సూది మావయ్య’ అన్నారు. తర్వాత వాళ్ల తల్లులూ అదే అన్నారు. చివరికి ల్యాబు యజమాని కూడా ఫోనులో “మా సూది మావయ్యను పంపిస్తాను లెండి” అనడం మొదలుపెట్టాడు. చెయ్యి తేలికని అతనికి పేరు. నరం దొరకని ముసలివాళ్లను పక్క ల్యాబుల వాళ్లు సైతం అతని దగ్గరికే పంపేవారు. పొద్దున్న ఆరున్నరకల్లా తెల్లకోటు తొడుక్కుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ల మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టి, “పిడికిలి బిగించండి... వదలండి... అయిపోయింది” అనేవాడు. రోజుకు యాభై అరవై మంది. ఆ మాటలు అతని నోట్లోంచి వాటంతటవే రాలేవి. ఒకరోజు ఇంట్లో భార్య టీ గ్లాసు కోసం చెయ్యి చాపితే “పిడికిలి బిగించండి” అన్నాడు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక గ్లాసు తనే తీసుకుంది.

నలభై ఏడో ఏడు వచ్చేసరికి అతనికి చెప్పుకోదగ్గ జబ్బు లేదు, చెప్పుకోదగ్గ కష్టం లేదు, చెప్పుకోదగ్గది అసలేమీ లేదు. ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటోంది. మధ్యాహ్నం రెండింటికి ల్యాబు నుంచి వచ్చి, పెట్టింది తిని, ముందుగదిలో మంచం మీద వాలేవాడు. ఫోను గుండెల మీద ఆనించుకుని వేలితో పైకి తోస్తూ ఉండేవాడు. ఏం చూశాడో అడిగితే చెప్పలేడు. గానుగెద్దయినా కాసింత నూనె తీస్తుంది, ఇతను తిరిగిన చుట్లకు అదీ లేదు.

“మీరు ఇంట్లో ఉన్నారో లేదో తెలియాలంటే ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూడాలి” అనేది భార్య.

దానికి నవ్వేసేవాడు గానీ, ఒకనాడు ఆవిడ చెల్లెలు ఫోనులో “బావగారు సాయంత్రాలు ఏం చేస్తుంటారే?” అని అడిగినప్పుడు భార్య కాసేపు ఆలోచించి “ఉంటారు” అంది. ఆ ఒక్క మాట అతనికి ముల్లులా దిగింది. ఇంట్లో బీరువా ఉంటుంది, కుర్చీ ఉంటుంది, తనూ ఉంటాడు.

అలాంటి రోజుల్లో ల్యాబుకు ఒకావిడ అయిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. సూదిని చూడగానే ఆ పిల్ల చేతులు వెనక్కి దాచుకుని బల్ల కిందికి దూరిపోయింది. అతను మామూలుగా చెప్పే చీమకథ ఎత్తుకోబోయాడు. ఈలోగా తల్లి నేల మీద కూర్చుని, పిల్ల కళ్లలోకి చూస్తూ రెండు చేతులూ కదిపింది. నోరు మెదపలేదు. వేళ్లు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, గాలిలో ఏదో బొమ్మ గీసి చెరిపేస్తున్నాయి. కనుబొమలు లేచాయి, బుగ్గలు ఉబ్బాయి. అప్పుడర్థమైంది అతనికి, ఆవిడకు వినపడదని. పిల్ల కిసుక్కున నవ్వి బయటికొచ్చి, తనే కుర్చీ ఎక్కి చెయ్యి చాపింది. సూది దిగుతున్నంతసేపూ రెండో చేత్తో అతని మణికట్టు మీద తడుతూనే ఉంది.

“అమ్మ ఏం చెప్పిందమ్మా?” అన్నాడు దూది అద్దుతూ.

ఆ పిల్లకు వినపడుతుంది, మాటా వచ్చు. “మావయ్యకి నీకన్నా ఎక్కువ భయంట. చూడు, చెమట పట్టేసింది, నువ్వే ధైర్యం చెప్పు అంది. ఇంక భయపడకు, అయిపోయింది” అంది.

అతను నవ్వాడు. కడుపు కదిలేలా నవ్వాడు. పక్క గదిలోంచి యజమాని తొంగిచూశాడు. ఆ రోజంతా ఆ చేతులే కళ్లలో ఆడాయి. మధ్యాహ్నం మంచం మీద వాలి అదే ఫోనులో సైగల భాష గురించి వెతికాడు. మొదటిసారి వేలు ఒకచోట ఆగింది. ఊళ్లోనే ఒక కుట్టు టీచరు ఆదివారం పొద్దుటిపూట ఆ భాష నేర్పుతుందని తెలిసింది.

తరగతి ఒక మేడమీది గదిలో. వారమంతా అక్కడ కుట్టుపని నేర్పుతారు. ఆదివారం మిషన్లన్నీ గోడవారకు జరిపి, ముక్కలు ఊడ్చి, కుర్చీలు గుండ్రంగా వేస్తారు. టీచరు తల్లీతండ్రీ ఇద్దరూ వినపడనివాళ్లు. అందుకని ఆవిడకు మాటల కన్నా ముందే సైగలు వచ్చాయి. నోటితో ఒకటి అంటూ చేతులతో అదే మాట చెప్పేది, రెండూ ఒక్క మనిషివేనా అనిపించేది.

“ఇక్కడ రెండే నియమాలు. నోరు మూసుకోండి, మొహం తెరుచుకోండి” అంది మొదటిరోజే. అందరూ నవ్వారు. “ముందు ఎవరు ఎవరి కోసం వచ్చారో చెప్పండి.”

ఒక మోటారు మెకానిక్కు తన నాలుగేళ్ల కొడుకు కోసం వచ్చానన్నాడు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి అత్తగారి కోసమంది. డెబ్బై ఏళ్ల పెద్దావిడ, “మా మనవరాలికి నా మీద కోపం. ఎందుకో అడుగుదామని” అంది. అలా చుట్టూ తిరిగి అతని వంతు వచ్చింది.

“మీ ఇంట్లో ఎవరండీ?”

“ఎవరూ లేరండీ. ఊరికే... ఆసక్తి” అన్నాడు.

అబద్ధం.

అతనికి చెల్లెలుంది. మూడేళ్లు చిన్నది. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఏడో ఏట దూరంగా వినపడని పిల్లల బడిలో వేస్తే అక్కడే పెరిగి, పదిహేడేళ్లకు తిరిగొచ్చింది. ఇప్పుడు అదే ఊళ్లో, అతని ఇంటికి ఇరవై నిమిషాల నడక దూరంలో, పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో బైండింగు పని చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఆమెతో మాట్లాడడానికి ఇంట్లోవాళ్ల దగ్గర ఉన్న సైగలు పదో పన్నెండో. రా, తిను, పడుకో, వద్దు. కుక్కపిల్లకైనా ఆ మాత్రం మాటలుంటాయి. అంతకు మించి చెప్పాల్సి వస్తే చీటీ రాసిచ్చేవారు. చీటీ రాయడానికి బద్ధకమైతే ‘తర్వాత’ అన్నట్టు చెయ్యి ఊపేవారు. అందరికన్నా ఎక్కువ ఊపిన చెయ్యి అతనిదే.

నలభై నాలుగేళ్ల చెల్లెలుంది, ఇన్నాళ్లూ ఒక్క మాట నేర్చుకోలేదు, నిన్న ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల నవ్వితే ముచ్చటేసి వచ్చాను అని ఆ మెకానిక్కు ఎదురుగా, ఆ ముసలావిడ ఎదురుగా ఎలా చెప్పగలడు? కానీ టీచరు చేతులు జోడించింది.

“చూశారా! ఇంట్లో అవసరం లేకపోయినా వచ్చారీయన. ఇలాంటివాళ్లు ఉండాలి” అంది.

గుమ్మడికాయల దొంగలా అతను భుజాలు తడుముకున్నాడు.

ఇక ఆ చదువు అతన్ని పట్టుకుంది. వదల్లేదు. పొద్దున ల్యాబుకు నడుస్తూ కనిపించిన ప్రతి వస్తువుకూ వేళ్లతో పేరు పెట్టేవాడు. సైకిలు, గొడుగు, తాళం, పాలు. అద్దం ముందు నిలబడి కనుబొమలు లేపడం, దించడం సాధన చేసేవాడు, ఎందుకంటే ఈ భాషలో ప్రశ్న కనుబొమల్లో ఉంటుంది. చేతులు అవే, కనుబొమలు మరిచిపోతే ‘తిన్నావా’ కాస్తా ‘తిన్నావు’ అయిపోతుంది. ఒకటే కదలిక గడ్డం దగ్గర చేస్తే ఒక అర్థం, నుదుటి దగ్గర చేస్తే ఇంకో అర్థం. నిన్నటివన్నీ భుజం వెనక ఉంటాయి, రేపటివన్నీ ముందుంటాయి. ఇంత పెద్ద ఇల్లు పక్కనే ఉంటే తను గుమ్మంలోంచి కూడా తొంగిచూడలేదే అనుకున్నాడు. కుట్టు టీచరు ఇచ్చిన వీడియోలు అరిగేదాకా చూశాడు. మంచం ఖాళీ అయింది. ఫ్యాను తిరుగుతున్నా అతను ఇంటి డాబా మీద ఉండేవాడు, గోడకు పాఠం చెబుతూ.

ల్యాబులో కూడా తేడా తెలిసింది. “పిడికిలి బిగించండి” అనేముందు ఎదుటిమనిషి మొహం చూడడం మొదలుపెట్టాడు. మొహాల్లో ఎంతుంటుందో అని ఆశ్చర్యపోయాడు.

భార్య కళ్లలో వెలుగు వచ్చింది. “చెల్లెలి కోసమే కదూ నేర్చుకుంటున్నారు?” అంది ఒక సాయంత్రం.

“ఊఁ” అన్నాడు.

“వెళ్లి మాట్లాడుతున్నారా మరి?”

“ఊఁ, అప్పుడప్పుడూ” అన్నాడు.

అదీ అబద్ధమే. టీచరుతో ఇంట్లో ఎవరూ లేరన్నాడు, భార్యకు చెల్లెలితో మాట్లాడుతున్నానని చెప్పాడు, చెల్లెలికి మాత్రం ఏమీ చెప్పలేదు. రెండుసార్లు బయల్దేరాడు. ప్రెస్సు వీధి మలుపు దాకా వెళ్లి, ఇంకాస్త బాగా వచ్చాక వెళ్దాం, ఈ నత్తి చేతులతో ఏం వెళ్తాం అని తిరిగొచ్చాడు. మూడొందల సైగలు వచ్చినప్పుడూ అదే అనుకున్నాడు, ఎనిమిదొందలు వచ్చినప్పుడూ అదే అనుకున్నాడు. నేర్చుకున్నకొద్దీ వెళ్లడం కష్టమైంది. ఎనిమిది నెలల్లో ఇంత వచ్చిందంటే, నలభై ఏళ్లలో ఎందుకు రాలేదని ఆమె అడిగితే?

ఎనిమిదో నెలలో ఊళ్లోని వినపడనివాళ్ల సంఘం వార్షిక సమావేశం పెట్టుకుంది. టీచరు అతన్ని తప్పకుండా రావాలంది. ల్యాబులో పనుందన్నాడు. ఆదివారం ల్యాబు మూసే ఉంటుందని ఆవిడ గుర్తుచేసింది. ఒంట్లో బాగాలేదన్నాడు. “రక్తపరీక్ష చేయించుకుని మరీ రండి” అంది.

అద్దెకు తీసుకున్న హాలు అది. రెండొందల మంది ఉంటారు. కుర్చీలు కీచుమంటున్నాయి, పాదాలు నేలను తడుతున్నాయి, నవ్వులు ఉన్నట్టుండి పేలుతున్నాయి. మాట మాత్రం ఒక్కటీ లేదు. ఈ మూల నుంచి ఆ మూలకు అందరి తలల మీదుగా కబుర్లు సాగుతున్నాయి. అతను వెనక వరుసలో ముడుచుకుని కూర్చుని వరుసలన్నీ వెతికాడు. నాలుగో వరుసలో జారుముడి, సన్నటి మెడ. చెల్లెలు. లేచి వెళ్లిపోదామనుకునేలోగా టీచరు వేదిక మీదికి పిలిచేసింది.

నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది ఆవిడ. “ఈయనకు ఇంట్లో వినపడనివాళ్లు ఒక్కరూ లేరు. బంధువుల్లో లేరు. ఎవరూ అడగలేదు. అయినా ఎనిమిది నెలలుగా ఒక్క ఆదివారం మానలేదు.”

హాలంతా చేతులు పైకి లేచి గాలిలో ఆకుల్లా ఊగాయి. వాళ్ల చప్పట్లు అవే. నాలుగో వరుసలో ఒక జత చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. చెల్లెలు అతన్ని చూస్తోంది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా పెద్దగా లేదు. తర్వాత, అందరి చేతులూ దిగిపోతున్న సమయానికి, ఆమె కూడా తన చేతులెత్తి ఊపింది. తీరిగ్గా ఊపింది. వేదిక నేల విచ్చుకుని తనను మింగేస్తే బాగుండుననుకున్నాడు.

టీచరు అంతటితో వదల్లేదు. టీల దగ్గర చెయ్యి పట్టుకుని నేరుగా చెల్లెలి ముందుకే తీసుకెళ్లింది.

“ఈమెను మీరు తప్పకుండా కలవాలి. ప్రెస్సులో పనిచేస్తుంది. ఈ ఊళ్లో ఇంత చక్కగా కథ చెప్పే చేతులు ఇంకెవరికీ లేవు. ఈమె మొదలుపెట్టిందంటే మావాళ్లు అన్నాలు మానేసి చూస్తారు.” తర్వాత ఆమె వైపు తిరిగి, “ఈయన తెలుసా నీకు?” అంది.

చెల్లెలు టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు ఖాళీ చేసుకోవడానికి. “తెలుసు. రక్తం తీస్తాడు. నొప్పి తెలియనివ్వడని అంటారు” అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మూడు వాక్యాల్లో ప్రతి సైగా అతనికి అర్థమైంది. చెల్లెలు చెప్పిన పూర్తి మాట ఒకటి అతనికి అర్థం కావడం జీవితంలో అదే మొదటిసారి. ఆమె కథలు చెబుతుందని కూడా పరాయివాళ్లు చెబితే తెలిసింది. ఆమె అతని పరువు నిలబెట్టింది. అన్న అని చెప్పి ఉంటే తలదించుకుని తప్పు ఒప్పుకునేవాడు, అసలు తెలియదని ఉంటే కాస్త కోపమైనా తెచ్చుకునేవాడు. ఈ రెండింటికీ చోటివ్వకుండా నిలబెట్టింది.

ఇంటికొచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ ఆగిపోయింది.

“అయితే ఇన్నాళ్లూ వెళ్తున్నానన్నది?”

“వెళ్లలేదు.”

“మీకు కొత్త విద్య వచ్చిందని సంతోషించాను. పాత విద్య పోలేదన్నమాట” అని మిగిలిన బట్టలు మడిచి లోపలికి పట్టుకుపోయింది.

మర్నాడు సాయంత్రం, ప్రెస్సు మూసే వేళ దాటాక, చెల్లెలి ఇంటికి వెళ్లాడు. గుమ్మం దగ్గర గంటకు బదులున్న మీట నొక్కితే లోపల దీపం వెలిగి ఆరింది. ఆమె తలుపు తీసి, రమ్మనీ అనకుండా వద్దనీ అనకుండా పక్కకు తొలిగింది. ఉన్నవి రెండు గదులు. బల్ల మీద అట్ట ఊడిన నిఘంటువు ఒకటి, జిగురు గిన్నె, బ్రష్షు. ఇంటికి తెచ్చుకున్న పని కాబోలు. గోడ నిండా ఎవరెవరో మనుషులతో ఆమె ఫోటోలు. ఒక్కరూ అతనికి తెలియదు.

దారంతా కూర్చుకున్న వాక్యాలు చేతుల్లో తడబడ్డాయి. “నేను... నేర్చుకున్నాను. నీతో మాట్లాడాలి.”

ఆమె జవాబు చెప్పింది. వేళ్లు వానజల్లులా కురిశాయి. అతనికి నాలుగో వంతు కూడా అందలేదు.

“నెమ్మదిగా” అన్నాడు.

“నలభై ఏళ్లు నెమ్మదిగానే ఉన్నాను” అంది. అది అర్థమైంది.

తర్వాత ఆమె నిజంగానే నెమ్మదించింది. చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. “తరగతిలో నిన్ను ఏ పేరుతో పిలుస్తారు?” అని అడిగింది. ఆ భాషలో ప్రతివాళ్లకూ ఒక సైగపేరు ఉంటుంది. అతను మోచేతి మడతలో చూపుడువేలు ఆనించి చూపించాడు. సూది.

“అది వాళ్లు పెట్టింది. నా దగ్గర నీకు వేరే పేరుంది. బడిలో నా స్నేహితులందరికీ ఆ పేరే తెలుసు.” ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద కుడిచేతి రెండు వేళ్లను కాళ్లలా నడిపించింది. ఆ కాళ్లు ఆమెకు దూరంగా, వేలి కొసల వైపు, ఆగకుండా వెళ్లిపోయాయి. “ముందు నడిచేవాడు.”

అతనికి వెంటనే అర్థమైంది. సెలవులకు ఆమె ఇంటికి వచ్చినప్పుడల్లా బస్సు దగ్గరి నుంచి తీసుకురావడం, మళ్లీ దింపడం అతని పని. సంతోషం వస్తే ఆమె గొంతులోంచి పెద్దగా ఒక కేక వచ్చేది, దారినపోయేవాళ్లు తిరిగి చూసేవారు. అందుకని అతను ఎప్పుడూ పదడుగులు ముందు నడిచేవాడు, ఎవరికి ఎవరో అన్నట్టు. వినపడని పిల్లకు ఇదేం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆమె ఆ వీపును చూస్తూ పెరిగింది. బడికెళ్లి దానికే పేరు పెట్టుకుంది.

తలెత్తలేకపోయాడు. తలెత్తకపోతే ఆమె మాట వినపడదు. ఆ భాషలో సిగ్గుపడి తలవంచుకునే వీలు కూడా లేదు. ఆమె బల్ల మీద తట్టి అతన్ని తనవైపు చూడమంది.

“ఒకటి అడుగుతాను. ఆరేళ్ల నుంచి అడగాలని ఉంది. నీకు చేతులు రాక అడగలేదు.” ఎడమ చెవి కింద వేలితో చిన్న చుక్క పెట్టింది. అతనికి తెలియలేదు. మళ్లీ పెట్టింది. అమ్మకు అక్కడ పుట్టుమచ్చ ఉండేది. “అమ్మ. చివరి రోజు. నన్ను అడిగిందా?”

ఆరేళ్ల కిందట అమ్మ ఆసుపత్రిలో పోయినప్పుడు అతను ఆమెకు చీటీ రాసిచ్చాడు: ‘అమ్మ నిద్రలోనే పోయింది. బాధ పడలేదు.’

అది నిజం కాదు. ఆ పొద్దున్న పదింటికి అమ్మ కళ్లు తెరిచి “చిన్నదేదిరా? దాన్ని రమ్మను” అంది. అతను “వస్తోందమ్మా” అన్నాడు. కబురు పెట్టలేదు. అది ఎనిమిది మంచాల వార్డు. చెల్లెలు వస్తే అమ్మను చూసి ఏడుస్తుంది. ఆమె ఏడుపు మామూలుగా ఉండదు, నర్సులు పరుగెత్తుకొస్తారు, ఎనిమిది మంచాలవాళ్లూ లేచి చూస్తారు. కాస్త ఆగుదాం, ఇప్పుడే ఏం కాదులే అనుకున్నాడు. అమ్మ ఆ తలుపు వైపు చూస్తూనే ఉంది. నాలుగింటికి పోయింది.

ఇప్పుడు మళ్లీ ఒక అబద్ధం చెప్పొచ్చు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నీ మాట నాకు అర్థం కాలేదన్నట్టు మొహం పెట్టొచ్చు. అది అతనికి బాగా అలవాటైన మొహమే. కానీ చేతులు లేచాయి. తప్పులు దొర్లాయి, మాటలు తారుమారయ్యాయి, అయినా చెప్పాడు. అడిగింది. నేను పిలవలేదు. నీ ఏడుపు... జనం... నాకు సిగ్గేసింది.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. “ఎన్నిసార్లు అడిగింది?”

అతను మూడు వేళ్లు చూపించాడు. ఆమె ఆ వేళ్లనే చూస్తోంది. అతని నాలుగో వేలు మెల్లిగా, తనంతట తనే లేచింది.

చెల్లెలు వెనక్కి తిరిగింది. అతనికి వీపు పెట్టి బల్ల ముందు కూర్చుని, నిఘంటువు వెన్నుకు జిగురు రాయడం మొదలుపెట్టింది. కళ్లతో వినే మనిషి వెనక్కి తిరిగిందంటే తలుపు మూసినట్టే. క్షమించమనే సైగ అతనికి వచ్చు, మొదటి నెలలోనే నేర్పారు. చేతులు ఎత్తి ఆ వీపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. బ్రష్షు పైకీ కిందికీ కదిలింది. ఒకసారి ఆమె భుజాలు ఎగిసిపడ్డాయి, గొంతులోంచి ఆ కేక వచ్చింది. ఇంత చిన్న గదిలో, ఒక్కడే మనిషి ఉన్నచోట. వీధిలో ఎవరైనా విన్నారేమోనని అతని తల అలవాటుకొద్దీ గుమ్మం వైపు తిరిగింది. తిరిగినందుకు తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆ ఆదివారం తరగతిలో లేచి నిలబడి, నోటితోనే, అందరి ముందూ చెప్పేశాడు. నాకు చెల్లెలుందని, మొదటిరోజు అబద్ధమాడానని, ఆ చెల్లెలు ఎవరో కూడా చెప్పాడు. మెకానిక్కు నేల చూపులు చూశాడు. పెద్దావిడ “అయ్యో” అంది, ఆ అయ్యో ఎవరి కోసమో తెలియలేదు.

టీచరు మాత్రం “తెలుసు” అంది. “ఆ రోజు టీల దగ్గర ఇద్దరి ముక్కులూ పక్కపక్కన చూశాను. ఒకే అచ్చు.”

“మరి నన్ను అడగలేదేమండీ?”

“మీరెత్తుకున్న బరువు మీరే దించుకోవాలి గానీ నేను లాక్కుంటే ఏం లాభం? కూర్చోండి. ఇవాళ పాఠం సమయాల గురించి.”

ఇక రానక్కర్లేదంటారేమో అనుకున్నాడు. ఎవరూ అనలేదు. ప్రతి ఆదివారం వెళ్లాడు. మెచ్చుకోళ్లు ఆగిపోయాయి. అదే నయమనిపించింది. ప్రతి సోమవారం సాయంత్రం చెల్లెలి గుమ్మం ముందు మీట నొక్కాడు. దీపం వెలగడం కిటికీలోంచి కనిపించేది. తలుపు తెరుచుకునేది కాదు. అయిదు వారాలు అలా గడిచాయి.

ఆరో వారం ఫోనుకు చెల్లెలి దగ్గర్నుంచి సందేశం వచ్చింది: ‘గురువారం పదింటికి ప్రెస్సుకు రా. పని ఉంది.’ పైన అన్నయ్యా అని లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి పని మధ్యలో సెలవడిగాడు.

ప్రెస్సు యజమాని మంచివాడే. చెమట తుడుచుకుంటూ కుర్చీ వేశాడు. కాగితం కత్తిరించే కొత్త యంత్రం వచ్చిందని, చెల్లెలి కన్నా పదిహేనేళ్లు వెనక చేరిన మనిషికి దాని పని నేర్పుతున్నారని అప్పుడు తెలిసింది.

“మా మూగామె పని బంగారమండీ. కాదనను. కానీ దీని గురించి ఆమెకు ఎలా చెప్పేది? వేళ్లు పోతే ఎవరిది బాధ్యత?” అన్నాడు యజమాని.

అతను సైగలతో ఆ మాటలన్నీ చెప్పాడు. ‘మూగామె’ అన్నదాన్ని దాటేద్దామనుకుని, దాటేయకుండా చెప్పాడు. చెల్లెలు జవాబిచ్చింది.

“ఆమె ఏమంటోందంటే...” అని మొదలుపెట్టాడు అతను.

చెల్లెలు బల్ల మీద అరచేత్తో కొట్టింది. పెదాలు చూసి పట్టేసింది. ఒకరి మాట అందించేటప్పుడు ‘ఆమె’ అనకూడదు, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు చెప్పాలి. టీచరు వందసార్లు చెప్పిన పాఠమే.

గొంతు సవరించుకున్నాడు. “నాకు పేరుంది” అన్నాడు. “ఇరవై ఏళ్లుగా ఆ గోడ మీద హాజరు పట్టికలో రాసి ఉంది. చదువుకోండి. నేను వేళ్లతో మాట్లాడే మనిషిని. ఈ ప్రెస్సులో నా వేళ్ల గురించి నాకన్నా జాగ్రత్త ఎవరికుంటుంది?”

యజమాని గోడ వైపు చూశాడు. అతను కూడా చూశాడు. ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు, పిలిచినా వినపడదు కదా అని. ‘మూగది వచ్చిందా, మూగది తిందా’ అనేవాడు తను. ఇప్పుడు ఆమె మాటలు తన గొంతుతోనే బయటికి వస్తుంటే ఎవరికి తగలాలో వాళ్లకే తగిలాయి.

“నెల రోజులు చూద్దాం. మీరు వచ్చి చెబుతానంటేనే సుమండీ” అన్నాడు యజమాని చివరికి.

అలా అతను ప్రతి గురువారం ప్రెస్సుకు వెళ్లాడు. యంత్రం నేర్పే మనిషి గడగడా చెబుతుంటే, ఆగమని, మళ్లీ చెప్పమని, తన చేతులకు అందినంత అందించాడు. కొన్నింటికి సైగ తెలియక తెల్లమొహం వేస్తే చెల్లెలే యంత్రాన్ని చూసి గ్రహించి, దాని సైగ అతనికి నేర్పేది. తప్పుగా పెట్టిన వేలిని పట్టుకుని సరిచేసేది, కాస్త గట్టిగానే. పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు. అమ్మ సంగతి మళ్లీ ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. క్షమించిందో లేదో అడిగే మొహం అతనికి లేదు, అడిగితే వచ్చే జవాబును భరించే ధైర్యమూ లేదు.

నాలుగో గురువారం ఆమె మొదటిసారి ఒంటరిగా యంత్రం నడిపింది. కాగితాల దొంతర సర్దింది, అంచులు తట్టింది, కొలత చూసుకుంది. అతను ఏదైనా అవసరం పడుతుందేమోనని పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె తల తిప్పకుండానే ఎడమచెయ్యి లేపి, చిరాగ్గా రెండు సైగలు చేసింది.

“జరుగు. వెలుతురుకు అడ్డం.”

అతను జరిగి తలుపు పక్కన నిలబడ్డాడు. కత్తి దిగిన అదురు నేల మీదుగా పాదాలకు తెలిసింది. చెల్లెలు కోసిన అంచును బొటనవేలితో నిమిరి చూసుకుని, తర్వాతి దొంతర అందుకుంది.